చలికి మొండికేసే డీజిల్ బండికి బ్లాక్ హీటర్: ఏళ్ల తరబడి వాడాక

బండి స్టార్ట్ చేసేముందే ఇంజిన్‌ని కరెంటుతో వెచ్చబరిచే బ్లాక్ హీటర్ పెట్టించుకోవాలా అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: రాత్రి బండి నిలిపే చోట ప్లగ్ పాయింట్ ఉందా? లేకపోతే ఇది మీకు దండగ. ఉంటే మాత్రం, మైనస్ 15 డిగ్రీలు దాటి చలి పడే చోట డీజిల్ బండి నడిపేవాళ్లకి ఇంత చిన్న సామానుతో ఇంత మేలు ఇంకెక్కడా దొరకదు. నాది పాత డీజిల్ పికప్. 750 వాట్ల హీటర్ పెట్టించి చాలా చలికాలాలు గడిచాయి.

వస్తువుగా చూస్తే ఇందులో పెద్ద విద్యేమీ లేదు. బకెట్‌లో నీళ్లు కాచుకునే రాడ్డు లాంటిదాన్నే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, పారే దారిలో పెడతారు. సిలిండర్లుండే ప్రధాన భాగాన్ని, అంటే ఇంజిన్ బ్లాక్‌ని, పోత పోసినప్పుడు మిగిలిన రంధ్రాలను గుండ్రటి లోహపు బిళ్లలతో మూసేస్తారు కదా, అలాంటి బిళ్ల ఒకటి ఊడదీసి ఆ స్థానంలో హీటర్ బిగిస్తారు. కూలెంట్ గొట్టం మధ్యలో పెట్టే రకాలూ ఉన్నాయి. అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రం, గ్రాండ్ ఫోర్క్స్‌కు చెందిన ఆండ్రూ ఫ్రీమన్ 1949లో పేటెంట్ తీసుకున్న హీటర్ అయితే ఏకంగా ఇంజిన్ పైభాగాన్ని బిగించే సిలిండర్ హెడ్ బోల్టు స్థానంలోనే కూర్చునేది. ఆ చలి చూసినవాడికే తట్టే ఆలోచన అది.

చలికి బండి ఎందుకు మొరాయిస్తుందో తెలిస్తే హీటర్ ఎంతవరకు ఆదుకుంటుందో తెలుస్తుంది. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ఉండదు, గాలిని నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. సిలిండర్ గోడలు గడ్డకట్టినంత చల్లగా ఉంటే ఆ వేడిని అవే లాగేసుకుంటాయి. ఈ చిక్కుని హీటర్ చాలావరకు తీరుస్తుంది. రెండోది, ఇంజిన్ ఆయిల్ చిక్కబడటం. బ్లాక్ వెచ్చబడ్డా అడుగున ఆయిల్ నిలిచే సంపు అంతగా వెచ్చబడదు కాబట్టి ఇక్కడ సగం సాయమే. మూడోది బ్యాటరీ. మైనస్ 18 దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీ సత్తా దాదాపు సగానికి పడిపోతుంది. హీటర్ దాన్ని ముట్టుకోనైనా ముట్టుకోదు. ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది కనుక బ్యాటరీ మీద భారం తగ్గుతుంది, అంతే. చచ్చిన బ్యాటరీతో హీటర్ మీద ఆశ పెట్టుకోవద్దు.

మైనస్ 25లో హీటర్ లేకుండా సెల్ఫ్ కొడితే నా బండి మూలుగుతూ తిరుగుతుంది. ఎలాగో అందుకున్నా తెల్ల పొగ, డబడబమని చప్పుడు, చాలాసేపు ఒణుకు. హీటర్ పెట్టిన ఉదయం మొదటి సెల్ఫ్‌కే అందుకుంటుంది. కానీ ఇన్నేళ్లలో నాకు ఎక్కువ నచ్చింది స్టార్టింగ్ కాదు, బయల్దేరిన కాసేపటికే లోపల వెచ్చటి గాలి రావడం. అద్దం మీద మంచు త్వరగా కరుగుతుంది, రోడ్డు కనిపిస్తుంది. ఈ సుఖం గురించి అమ్మేవాళ్లు ఎందుకో గట్టిగా చెప్పరు.

ఇక కరెంటు. రాత్రంతా పెట్టి ఉంచేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రెండు మూడు గంటలు చాలు, మరీ చలైతే నాలుగు. ఆ తర్వాత హీటర్ ఇచ్చే వేడి, బ్లాక్ బయటికి పోగొట్టుకునే వేడి సమానమైపోయి ఉష్ణోగ్రత ఇక పెద్దగా పెరగదు. 750 వాట్లది మూడు గంటలకి రెండుంపావు యూనిట్లు తింటుంది, పది గంటలు ఉంచితే ఏడున్నర. అందుకే ఆరుబయట వాడే రకం టైమర్ ఒకటి తప్పకుండా కొనండి. చాలా హీటర్లలో థర్మోస్టాట్ ఉండదు, ప్లగ్ ఉన్నంతసేపూ కాలుతూనే ఉంటుంది.

నా అనుభవంలో హీటర్ కంటే ముందు చెడేది తీగ. ప్లాస్టిక్ తొడుగున్న తీగ చలికి కర్రలా బిగుసుకుని పగులుతుంది. రబ్బరు తొడుగుది వాడాలి, ఎర్తింగ్‌తో కలిపి మూడు తీగలది, 14 గేజ్ లేదా అంతకంటే లావుది. ఇంట్లో దీపాలకి వాడే సన్న ఎక్స్‌టెన్షన్ వేడెక్కి కరుగుతుంది. రోడ్డు మీది ఉప్పుకి ప్లగ్ పిన్నులు తుప్పు పడతాయి, వదులైన పిన్ను దగ్గర నల్లగా కాలిన మచ్చ కనిపిస్తే ఆ తీగ మార్చేయండి. తీగని డ్రైవర్ వైపు అద్దానికి చుట్టి ఉంచితే ప్లగ్ తీయకుండా బండి కదిలించే ప్రమాదం ఉండదు.

ఇది పనిచేస్తోందో లేదో చెప్పే దీపమేదీ ఉండదు. బానెట్ దగ్గర చెవి పెడితే సన్నగా కాగుతున్న చప్పుడు వినిపిస్తుంది. నమ్మకం కుదరకపోతే ప్లగ్ తీసేశాక దాని పిన్నుల మధ్య నిరోధం కొలిచే మల్టీమీటర్ పెట్టండి: 230 వోల్టుల 750 వాట్ల హీటర్‌కి సుమారు 70 ఓమ్‌లు, 120 వోల్టుల దానికి 19 దాకా చూపించాలి. అసలేమీ చూపించకపోతే హీటర్ లోపలి కాయిల్ గాని తీగ గాని తెగినట్టే. పెట్టించేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది, కూలెంట్ నింపి గాలి బుడగలు పూర్తిగా పోయేదాకా ప్లగ్ పెట్టకూడదు. గాలిలో కాలిన కాయిల్ నిమిషాల్లో మాడిపోతుంది.

హీటర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు దానివి కావు. ఇంజిన్ అందుకుని కాస్త దూరం పోయాక ఆగిపోయిందంటే చాలాసార్లు డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్‌ని మూసేసిందని అర్థం. ట్యాంకులో ఉన్నదానికి ఈ హీటర్ ఏమీ చేయలేదు. శీతాకాలపు డీజిల్ పోయించుకోవాలి, లేదా చలి ముదరకముందే డీజిల్ గడ్డకట్టకుండా చేసే మందు దాన్లో కలపాలి. స్టార్టింగ్‌కి ముందు సిలిండర్‌లో ఎర్రగా కాలే గ్లో ప్లగ్‌లున్న ఇంజిన్‌లోకి, ఇట్టే అంటుకునే ఈథర్ స్ప్రే కొట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినొద్దు, ఎర్రగా కాలిన ప్లగ్ మీద పడితే అది వేళ కాని వేళ పేలి పిస్టన్లు దెబ్బతింటాయి.

పెట్రోల్ కారు, 0డబ్ల్యూ-20 లాంటి పలచటి ఆయిల్, మంచి బ్యాటరీ ఉంటే మైనస్ 20 దాకా దీని అవసరమే రాకపోవచ్చు. మైనస్ 30 దాటే చోట డీజిల్‌కి మాత్రం దీనికి తోడు ఆయిల్ సంపుకి అంటించే ప్యాడ్ కూడా పెట్టించండి, నేను పెట్టించాను. అయస్కాంతంతో అతుక్కునే చిన్న హీటర్లు చవకే గాని, ఈ రోజుల్లో చాలా సంపులు అల్యూమినియంవో ప్లాస్టిక్‌వో. అక్కడ అయస్కాంతం నిలవదు.