తొమ్మిదేళ్లు నడిపిన టాంగా: ఎండకు, వానకు, చలికి ఎలా తట్టుకుంది

ఈ టాంగా, అంటే రెండు చక్రాల గుర్రపు బండి, కొని తొమ్మిదేళ్లయింది. మామూలు రోజుల్లో ఖిలా వరంగల్ చూడ్డానికి వచ్చేవాళ్లను తిప్పుతాను, మాఘం నుంచి హన్మకొండ ఫంక్షన్ హాళ్లకు పెళ్లి ఊరేగింపులు. లాగేది మా గుర్రం మోతీ. నాలుగేళ్ల వయసులో వచ్చింది, ఇప్పుడు పదమూడు.

కొనేముందు నేను రంగు, గొడుగు, సీటు మెత్తదనం చూశాను. చూడాల్సింది తూకం. రెండు చక్రాల బండిలో బరువు ఇరుసుకు ముందు పడితే అదంతా గుర్రానికి రెండు పక్కలా ఉండే బండి కర్రల మీదుగా దాని వీపు మీదకు వస్తుంది. వెనక ఎక్కువైతే కర్రలు పైకి లేచి కడుపు కింది పట్టీ బిగుసుకుంటుంది. మా బండి చేసినాయన సీటు బాగా ముందుకు బిగించాడు. మొదటి ఏడాదే మోతీ వీపు మీద పుండు పడింది. రెండు నెలలు బండి కట్టలేదు. వడ్రంగితో సీటు జానెడు వెనక్కి జరిపించాక ఆ బాధ మళ్లీ రాలేదు. నలుగురు ఎక్కాక కూడా కర్రను ఒక చేత్తో తేలిగ్గా ఎత్తగలిగితే తూకం కుదిరినట్టే. కొనేవాళ్లు అక్కడే నలుగురిని ఎక్కించి చూసుకోండి.

చక్రాలు మొదట చెక్కవి, ఇనుప పట్టాతో. ఎండకాలం చెక్క ఎండి కుంచించుకుపోయి పట్టా వదులయ్యేది, రాత్రంతా నీళ్లలో నానబెట్టేవాణ్ని. మూడో ఏడు రబ్బరు టైర్లకు మార్చాను. చప్పుడు తగ్గింది, గుర్రానికి లాగడం సులువైంది.

మే నెలలో పదకొండు దాటితే బండి కట్టను, ఎంత ఇస్తామన్నా సరే. ఎండలో పనిచేసిన రోజు మోతీ నలభై లీటర్ల పైనే తాగుతుంది. చెమటతో ఉప్పు పోతుంది కాబట్టి దాణాలో ఉప్పు కలుపుతాను. ఒళ్లు వేడిగా ఉన్నప్పుడు నీళ్లు తాగించొద్దని పాతవాళ్లు అనేవాళ్లు. మా పశువుల డాక్టర్ మాత్రం తాగనియ్యమన్నారు, ఒంటి మీద పోసి, తుడిచి, మళ్లీ పోయమన్నారు. అలా చేస్తే పావుగంటలో రొప్పు తగ్గుతుంది.

నాకు నిజంగా టెన్షన్ వానకాలమే. తడిసిన సీసీ రోడ్డు మీద ఇనుప నాడాలు జారతాయి. స్టేషన్ దగ్గర అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలిస్తే చుట్టూ తిరిగి పోతాను, గుంత ఎక్కడుందో కనిపించదు. బురదలో నిలబడితే గిట్ట లోపల కుళ్లు వాసన మొదలవుతుంది, అందుకే రోజూ రాత్రి గిట్టలు గీకి, పొడిగుడ్డతో తుడిచి పడుకోబెడతాను. తోలు పట్టీలు తడిస్తే నీడలోనే ఆరబెట్టి నూనె రాయాలి. ఎండలో పెడితే బిరుసెక్కి చర్మాన్ని కోస్తాయి. ఆరు వారాలకోసారి నాడాలు మార్పించడం ఏ కాలమైనా తప్పదు.

చలికాలం గురించి చెప్పేదేం లేదు, బండికీ గుర్రానికీ అదే మంచి కాలం. పొద్దున మంచులో కోట తోరణాల మధ్య పోతుంటే మోతీ తనంతట తానే పరుగందుకుంటుంది.

ఇరుసు బేరింగులు రెండుసార్లు మార్చాను, గొడుగు బట్ట ఒకసారి. చట్రం ఇంకా గట్టిగానే ఉంది. మోతీ వీపు మీద పుండు మానిన చోట మాత్రం తెల్ల వెంట్రుకలు మొలిచాయి, అరచేయంత. రోజూ బండి కట్టేముందు అక్కడ చేయి పెట్టి చూస్తాను.