మెడ ధమని గడ్డకు వయాబాన్ కవర్డ్ స్టెంట్: 5కి 4

ఉద్దానం వైపు, కవిటి, సోంపేట, పలాసల్లో, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు ఎక్కువ. చాలామందికి మొదట్లో మెడ సిరలోనే కేథటర్ వేస్తారు. ఆ సూది పొరపాటున పక్కనున్న, మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనికి తగిలి చిల్లు పూడకపోతే, బయటికొచ్చిన రక్తం కండల మధ్య నిలిచి, నాడితోపాటు కొట్టుకునే గడ్డ అవుతుంది. అదే సూడో అన్యూరిజం. కత్తిపోట్లు, రోడ్డు ప్రమాదాల తర్వాతా వస్తుంది. చీముగడ్డ అనుకొని కోస్తే ప్రాణం మీదికొస్తుంది. ముందు డాప్లర్ (రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే స్కాన్) తీయించాలి: గడ్డలో ఎరుపు, నీలం సగం సగంగా సుడి తిరుగుతూ కనిపిస్తాయి.

మెడ కోయకుండా, తొడ నుంచి వెళ్లి చిల్లును లోపలి నుంచి కప్పడానికి గోర్ కంపెనీ వయాబాన్ మంచి సాధనం. ఇది కవర్డ్ స్టెంట్, అంటే నాళం లోపల విచ్చుకునే, పొర తొడిగిన గొట్టం. స్ప్రింగులా సాగే నిటినాల్ లోహపు చట్రం, లోపల పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ రకం) పొర, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ పూత. మెడ మీద ఒత్తిడి పడినా తిరిగి తెరుచుకుంటుంది. బెలూన్‌తో విప్పే రకాలు ఒకసారి నొక్కుకుపోతే అలాగే ఉండిపోతాయి, మెడకు వద్దు.

అంతా కొలతలోనే ఉంది. 4.8–5.5 మి.మీ. నాళానికి 6 మి.మీ. స్టెంట్. చిల్లుకు అటూ ఇటూ కనీసం 1 సెం.మీ. మంచి గోడ దొరకాలి. స్టెంట్ చిన్నదైతే పక్క నుంచి రక్తం దూరి గడ్డ నిండుతూనే ఉంటుంది. పెద్దదైతే లోపలి పొర మడతపడి అక్కడే రక్తం గడ్డకడుతుంది. ధమని రెండుగా చీలేచోట వేస్తే ముఖానికెళ్లే కొమ్మ మూసుకుపోతుంది. అందులోంచి రక్తం వెనక్కి రాకుండా ముందే కాయిల్స్ (నాళాన్ని మూసే సన్నని తీగచుట్టలు) పెట్టాలి. స్టెంట్ గోడకు బాగా అతుక్కోవడానికి లోపల బెలూన్ ఊదినప్పుడు నాడి పడిపోవచ్చు, దాన్ని పెంచే అట్రోపిన్ మందు చేతికందేలా ఉండాలి.

ఒక మార్కు ఎందుకు తగ్గించామంటే, స్టెంట్‌ను ముడిచి ఉంచే దారం లాగి విప్పాక దాన్ని వెనక్కి తీయలేం, జరపలేం. పైగా కంపెనీ దీన్ని మెడ ధమని కోసం తయారు చేయలేదు; ఆ మాట సంతకం పెట్టించుకునే ముందే ఇంటివాళ్లకు చెప్పాలి.

జ్వరం, చీము ఉంటే స్టెంట్ వద్దు. క్రిములు దానికే పట్టుకుంటాయి. అప్పుడు ఆపరేషనే దారి.

స్టెంట్ పడ్డాక, రక్తం గడ్డకట్టనివ్వని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు రెండూ డాక్టరు చెప్పినన్ని నెలలు వాడాలి. పన్ను పీకించుకోవాలని మధ్యలో సొంతంగా ఆపితే స్టెంట్ మూసుకుని పక్షవాతం రావచ్చు. స్టెంట్ సైజు స్టిక్కర్‌ను డిశ్చార్జి కాగితం మీద అంటించి ఇవ్వమని అడగండి. డయాలసిస్ టెక్నీషియన్‌కు అది చూపించి, ఆ వైపు మెడలో మళ్లీ సూది పెట్టొద్దని చెప్పండి.