అంబాసిడర్‌లో పాత లూకాస్ డిస్ట్రిబ్యూటర్: ఏళ్ల తరబడి వాడాక

మా మార్క్ 2 అంబాసిడర్‌లో ఉన్నది లూకాస్ 25డి4 డిస్ట్రిబ్యూటర్. కాయిల్ బ్యాటరీ కరెంటును హైటెన్షన్‌గా పెంచితే, దాన్ని వంతులవారీగా ప్లగ్గులకు పంచేది ఇదే. కొరాపుట్ జిల్లా జయపురంలో ఉంటాం కాబట్టి సాలూరు, విజయనగరం పనులన్నీ సుంకి ఘాట్ మీదుగానే. ఇది షెడ్డులో గుడ్డ కప్పి ఉంచే బండి కాదు, రోజూ తిరిగేది. పాత బండిని బాగు చేయించుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది "ఒరిజినల్ సామాను దొరుకుతుందా?" అని. దొరుకుతుంది. కానీ ఇగ్నిషన్‌లో (ప్లగ్గుల్లో స్పార్క్ పుట్టించే సామానులో) ఏది ఒరిజినల్ ఉండాలో, ఏది ఉండకూడదో ముందే తేల్చుకోవాలి. లేకపోతే డబ్బులూ పోతాయి, బండీ ఘాట్ మధ్యలో ఆగుతుంది.

డిస్ట్రిబ్యూటర్ బాడీ, షాఫ్టు, కామ్, వేగాన్ని బట్టి స్పార్క్‌ను ముందుకు జరిపే లోపలి బరువులు, ఇంజన్ పీల్పును బట్టి అదే పని చేసే వాక్యూమ్ యూనిట్: ఇవి పాతవే కావాలి. కండెన్సర్ (పాయింట్లు కాలకుండా కాపాడేది), హైటెన్షన్ వైర్లు మాత్రం కొత్తవే వేయించండి.

బాడీ పక్కన మోడల్ పేరు, పార్ట్ నంబరు, తయారైన తేదీ కోడ్ గుద్ది ఉంటాయి. అసలు గుద్దుడైతే అక్షరం అంచున లోహం కాస్త లేచి గోరుకు తగులుతుంది. బఫ్ కొట్టి మెరిపించిన వాటి మీద ఆ నంబర్లు సగం చెరిగిపోతాయి. నాకైతే మసి పట్టిన బాడీ మీదే నమ్మకం. షాఫ్టును పక్కకు ఊపి చూడండి. ఆట ఉంటే బుష్ (షాఫ్టు తిరిగే తొడుగు) అరిగినట్టే. అలాంటిదానికి పాయింట్ల (కాయిల్ కరెంటును కలిపి విడదీసే రెండు లోహపు మొనల) గ్యాప్ ఎంత బాగా పెట్టినా, ఒక సిలిండర్‌కి ఒకలా, ఇంకోదానికి ఇంకోలా వస్తుంది. గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. డ్వెల్ మీటర్ (పాయింట్లు కలిసి ఉండే కోణం చూపేది) ఉంటే 60 డిగ్రీలు, మూడు అటూ ఇటూ. బుష్ లేత్ మీద చేయించుకోవచ్చు, దానికోసం బాడీ పారేయనక్కర్లేదు.

చాలామంది చూడని అంకెలు రెండు చోట్ల ఉన్నాయి. పాయింట్ల ప్లేటు విప్పితే కామ్ అడుగున 10 లాంటి అంకె ఒకటి కనిపిస్తుంది. బరువులు పూర్తిగా విచ్చుకున్నప్పుడు వచ్చే అడ్వాన్స్ (స్పార్క్ ముందుకు జరిగే మేర) అది. డిస్ట్రిబ్యూటర్ డిగ్రీల్లో ఉంటుంది, డిస్ట్రిబ్యూటర్ తిరిగేది క్రాంక్‌లో సగం వేగంతోనే కాబట్టి క్రాంక్ దగ్గర రెండింతలు అనుకోవాలి. వాక్యూమ్ యూనిట్ మీద మూడు అంకెలు వరసగా ఉంటాయి: ఎన్ని అంగుళాల పాదరసం దగ్గర కదలడం మొదలవుతుంది, ఎంత దగ్గర ఆగుతుంది, మొత్తం ఎన్ని డిగ్రీలు తిప్పుతుంది. పైకి చూస్తే అన్ని 25డి4లూ ఒకేలా ఉంటాయి. వేరే కారుకు తయారైనది మన ఇంజన్‌కి బిగించినా స్టార్ట్ అవుతుంది, ఘాట్ ఎక్కేటప్పుడు నాకింగ్ (ఇంజన్ టకటక కొట్టుకోవడం) మొదలవుతుంది. పాత బండి అంతేలే అని కార్బురేటర్‌ను తిట్టుకుంటూ తిరుగుతారు. అందుకే విప్పే ముందే మీ బండి అంకెలు రాసిపెట్టుకోండి. వాక్యూమ్ యూనిట్ బతికే ఉందో లేదో తెలియాలంటే గొట్టం నోట్లో పెట్టి పీల్చండి. ప్లేటు కదిలి అక్కడే నిలవాలి.

సాలూరు లారీల ఊరు కాబట్టి అక్కడ పాత చేతులు ఇంకా ఉన్నాయి. నాకు బుష్ వేసిన మేస్త్రి ఒకటే మాట అనేవాడు: "డబ్బా ఏటి చూస్తావు బాబూ, సామాను చూడు." మంచి మాటే గానీ, నేను డబ్బా కూడా చూస్తాను. అబద్ధం తొందరగా బయటపడేది అక్కడే. లూకాస్-టీవీఎస్ కంపెనీ మద్రాసు పాడిలో మొదలైంది 1961లో. ఆ పేరున్న కాయిల్‌ను 1958 బండితో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిందని చెబితే నమ్మక్కర్లేదు. అడ్రసులో ఆరంకెల పిన్ ఉంటే అది 1972 ఆగస్టు తర్వాతి డబ్బా. చెన్నై అని ఉంటే 1996 తర్వాతిది. ఒక దుకాణంలో "అరవైల నాటి స్టాక్" అని చూపించిన పాయింట్ల సెట్ మీద చెన్నై అని అచ్చయి ఉంది. అడిగితే డబ్బా మారిందన్నారు! కోల్‌కతా మల్లిక్ బజార్, చెన్నై పుదుపేట లాంటి చోట్ల కొన్నా ఇదే పరీక్ష.

రోటర్ (క్యాప్ కింద తిరుగుతూ ఒక్కో ప్లగ్గు వైరుకు కరెంటు అందించే ముక్క) దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. ఇప్పుడొచ్చే నల్ల రోటర్లలో కొన్నింటికి ఇత్తడి రేకును పట్టే రివెట్ లోపలికి దిగి షాఫ్టుకు దగ్గరగా వస్తుంది. హైటెన్షన్ కరెంటు ప్లగ్గుకు పోకుండా షాఫ్టులోకి దిగిపోతుంది. బండి చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, వేడెక్కాక చస్తుంది. క్యాప్ తీసి, కాయిల్ నుంచి వచ్చే వైరు రోటర్ రేకుకు కొద్ది దూరంలో పట్టుకుని (ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తోనే సుమా) పాయింట్లు విడదీయండి. స్పార్క్ దూకితే రోటర్ లీకే. రివెట్ లేకుండా పోత పోసిన రోటర్ వేశాక నాకు ఆ టెన్షన్ పోయింది.

కండెన్సర్ విషయంలో పాత స్టాక్ వద్దేవద్దు. లోపల కాగితం, రేకు చుట్టలే కదా, మన వానల తడికి వాడకపోయినా పాడవుతాయి. కొత్తదైనా మీటర్ పెట్టి 0.2 మైక్రోఫారడ్ దరిదాపుల్లో ఉందో చూసి వేయించండి. పాయింట్ల మీద ఒక పక్క గుంట, ఇంకో పక్క బొడిపె త్వరగా వస్తుంటే ముందు అనుమానించాల్సింది దాన్నే.

కాయిల్ మీద తీగలు తగిలించే చోట ఎస్‌డబ్ల్యూ (స్విచ్ వైపు), సీబీ (పాయింట్ల వైపు) అని ఉంటే అది పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్‌ను బండి బాడీకి కలిపే) కాలం నాటి అసలు సరుకు. మా బండిని ఎప్పుడో నెగటివ్ ఎర్త్ చేశారు కాబట్టి ఆ రెండు తీగలూ తారుమారు చేయించాను. అలా మార్చకపోయినా ఇంజన్ నడుస్తుంది, స్పార్క్‌కు మాత్రం ఎక్కువ వోల్టేజీ కావాలి. చదును రోడ్డు మీద తేడా తెలియదు, లోడుతో పొట్టంగి వైపు ఎక్కుతుంటే మిస్సింగ్ మొదలవుతుంది.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. ఊళ్లో తిరిగే బండికి బాగానే ఉంటుంది. నేను పెట్టించలేదు. సుంకి దగ్గర కిట్ పోతే బాగుచేసే మనిషి దొరకడు, పాయింట్లకైతే ఎమరీ కాగితం ముక్క చాలు.