క్లౌడ్‌లిఫ్టర్ సీఎల్-1: రిబ్బన్ మైకుకి మంచి కాపలా

రిబ్బన్ మైకుతో (పలుచటి లోహపు రేకు కదలికతో ధ్వనిని పట్టే మైకు) వీణనో, మెల్లగా పాడే గొంతునో రికార్డు చేసేవాళ్లకి క్లౌడ్‌లిఫ్టర్ సీఎల్-1 అనే ఈ నీలం డబ్బా బాగా పనికొస్తుంది. ఇది మైకుకీ మిక్సర్‌కీ మధ్య పెట్టే సిగ్నల్ బూస్టర్. మిక్సర్ మైకు కేబుల్ గుండానే పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌ని తను వాడుకుని సిగ్నల్‌ని 25 డెసిబెల్స్ దాకా పెంచుతుంది. మైకు వైపు మాత్రం ఆ వోల్టేజీని పోనివ్వదు. దీన్ని కొనడానికి ఆ ఒక్క కారణం చాలు.

నిజానికి కేబుల్ సరిగ్గా ఉంటే పాసివ్ రిబ్బన్‌కి (లోపల సొంత ఆంప్లిఫయర్ లేని రకం) ఫాంటమ్‌తో ముప్పు లేదు. మైకు కేబుల్ కనెక్టర్‌లో సిగ్నల్ మోసే 2, 3 పిన్నులకి చెరో 6.8 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా సమానంగా వోల్టేజీ వస్తుంది కాబట్టి మైకులోని ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలో కరెంటు పారదు. కానీ ఆ పిన్నుల్లో ఒకటి షీల్డుకి (తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగు) తగిలినా, టీఆర్‌ఎస్ ప్యాచ్‌బేలో (మూడు కాంటాక్టుల జాక్‌లతో కేబుళ్లు మార్చి కలిపే పలక) జాక్ దూర్చేటప్పుడు కాంటాక్టులు ముందూ వెనకగా తగిలినా తూకం తప్పుతుంది. కొన్ని మైక్రాన్ల మందమే ఉన్న అల్యూమినియం రేకు ఆ కుదుపుకి సాగిపోతుంది. తెగకపోయినా ధ్వని మునుపటిలా ఉండదు.

అందుకే ప్యాచ్‌బే ఈ డబ్బా తర్వాతే ఉండాలి. కేబుళ్లన్నీ బిగించి, ఫేడర్ దించి, ఆపైనే 48 వోల్టులు వేయండి. విప్పేముందు ఆపి అరనిమిషం ఆగండి.

గట్టిగా మోగే గిటార్ ఆంప్‌కి ఇది అనవసరం. రాయర్ ఆర్-122 లాంటి యాక్టివ్ రిబ్బన్‌కైతే (లోపలి ఆంప్లిఫయర్ ఫాంటమ్‌తోనే నడిచే రకం) అసలు పెట్టకండి, ఫాంటమ్ అందక మూగబోతుంది.