మామగారి వికీ వ్యాసం: మనమే దిద్దేయాలా, చర్చ పేజీలో అడగాలా?

మీ మామగారు రిటైరైన ప్రొఫెసర్ అనుకుందాం. ఇంగ్లీషు వికీపీడియాలో ఆయన మీద వ్యాసం ఉంది. పుట్టిన సంవత్సరం తప్పు. వచ్చిన అవార్డు ఒకటి అందులో లేదు. ఎప్పుడో జరిగిన ఒక వివాదం మీద మాత్రం పేద్ద పేరా ఉంది. ఇంట్లో కంప్యూటర్ బాగా తెలిసింది మీకే కాబట్టి పని మీ మీద పడింది.

సొంతంగా దిద్దేస్తే రెండు నిమిషాల పని. కానీ ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వ్యాసం చరిత్రలో ఉండిపోతుంది. కొత్త ఖాతా ఒకటి వచ్చి వివాదం తీసేసి అవార్డు చేర్చిందంటే, ఇది ఇంటివాళ్ల పనే అని చూసేవాళ్లకు ఇట్టే అర్థమైపోతుంది. మార్పులు వెనక్కి పోతాయి. పైగా, రాసినవారికి ఈ వ్యక్తితో దగ్గరి సంబంధం ఉన్నట్టుందంటూ వ్యాసం నెత్తిన ఒక పట్టీ వచ్చి కూర్చుంటుంది. వికీపీడియా వ్యవస్థాపకుడు జిమ్మీ వేల్స్ అంతటివాడికే ఈ తిప్పలు తప్పలేదు. తన వ్యాసంలో లారీ శాంగర్‌ను సహ వ్యవస్థాపకుడిగా చూపే మాటలు తనే తీసేసినట్టు 2005లో బయటపడితే, అలా చేయకుండా ఉండాల్సిందని ఒప్పుకున్నాడు.

అయితే నేరుగా చెయ్యి పెట్టడమే మేలైన సందర్భాలూ ఉన్నాయి. ఎవడో బూతులు రాసిపోయినా, ఏ ఆధారమూ లేకుండా నింద వేసినా వెంటనే తీసేయొచ్చు, నియమాలే ఒప్పుకుంటాయి. అమెరికన్ జర్నలిస్టు జాన్ సీగెంథాలర్‌ను కెనడీల హత్యలతో ముడిపెట్టిన అబద్ధం 2005లో నెలల తరబడి అలాగే ఉండిపోయింది. బతికున్నవారి వ్యాసాలకు ప్రత్యేక నియమాలు వచ్చింది ఆ తర్వాతే.

మిగతా వాటికి, వ్యాసంలో మార్పుల గురించి మాట్లాడుకోవడానికి దాని పక్కనే ఉండే చర్చ పేజీయే మేలని నా అభిప్రాయం. ముందు "నేను ఆయన అల్లుణ్ణి" అని చెప్పేయాలి. క్రికెట్ బోర్డు వార్తల్లో విరుద్ధ ప్రయోజనాలు అని చదువుతుంటామే, ఇదీ అదే. తర్వాత అక్కడ అభ్యర్థన మూస (మార్పు కోరుతున్నట్టు తెలిపే రెడీమేడ్ కోడ్) పెట్టి, ఏ వాక్యం తీయాలో, దాని బదులు ఏం రావాలో, ఆధారం ఏమిటో రాయాలి. మూస పెడితే అది వలంటీర్ల క్యూలోకి వెళ్తుంది. వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. ఈ దారికున్న పెద్ద లోపం అదే.

ఆ క్యూ చూసేవాళ్ల బాధ కూడా కాస్త ఆలోచించండి. వ్యాసం మొత్తం ఇలా మార్చండి అని వెయ్యి పదాలు ఇస్తే ఎవరూ ముట్టుకోరు. "విశేష సేవలందించిన" లాంటి సన్మానపత్రం భాష కనిపిస్తే మరీను. అడిగింది బంధువు కదా అని అన్నీ కొట్టేసేవాళ్లున్నారు. పాపం పెద్దాయన అని ఉన్నదున్నట్టు అతికించేసేవాళ్లూ ఉన్నారు. దేని సంగతి దానిగా తేల్చడం ఈ రెండింటికన్నా మేలు.

అవార్డుకు పత్రికలో వార్త ఉంటే సాధారణంగా చేరుతుంది. వివాదానికి గట్టి ఆధారాలుంటే ఆ పేరా పోదు. కానీ వ్యాసంలో సగం ఇదే ఉంది, కుదించండి అనడం న్యాయమైన మాటే. చిక్కంతా పుట్టిన సంవత్సరం దగ్గరే. మనవాళ్లలో చాలామందికి బళ్లో వేసిన తేదీ ఒకటి, అసలుది ఇంకోటి! అలాగని టెన్త్ సర్టిఫికెట్ స్కాన్ చేసి పెట్టొద్దు. అది ఆధారంగా చెల్లదు సరికదా, సొంత వివరాలు లోకం ముందు పెట్టినట్టవుతుంది. ఆయనే తన వెబ్‌సైట్లోనో ఇంటర్వ్యూలోనో చెప్పి ఉంటే మామూలుగా అది పనికొస్తుంది. నా గురించి నాకు తెలియదా అని వాదిస్తే లాభం లేదు. తన నవలకు ప్రేరణ ఎవరన్న విషయం దిద్దించబోయిన అమెరికన్ రచయిత ఫిలిప్ రాత్‌నే వేరే ఆధారం కావాలన్నారు. 2012లో ఆయన న్యూయార్కర్ పత్రికలో బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది.

ఇంటి అడ్రసు, పరువు నష్టం లాంటివైతే వికీపీడియాకు ఈమెయిల్ పెట్టడమే మేలు, చర్చ పేజీలో రాస్తే ఇంకా పదిమందికి తెలుస్తాయి. అవార్డు కోసం మెయిల్ పెడితే మాత్రం చర్చ పేజీకి వెళ్లమంటారు.

డబ్బిచ్చి చేయించడం నాకు నచ్చని దారి. డబ్బు తీసుకుని రాసేవాళ్లు ఎవరి తరఫున రాస్తున్నారో చెప్పి తీరాలన్న నియమం 2014లో వచ్చింది. మరుసటి ఏడాదే ఇంగ్లీషు వికీపీడియా ఒక ముఠాకు చెందిన 381 ఖాతాలను నిషేధించింది. తిరస్కరణకు గురైన వ్యాసాల తాలూకు మనుషులను పట్టుకుని, డబ్బిస్తే నిలబెడతామని వసూలు చేసింది వీళ్లే.

తెలుగు వికీలో వ్యాసం ఉంటే లెక్క కొంచెం మారుతుంది. అక్కడ చురుగ్గా రాసేవాళ్లు తక్కువ, చర్చ పేజీలో రాసింది ఎవరి కంటా పడకపోవచ్చు. అక్కడ రాసి, తెలుగు వికీలో అందరూ మాట్లాడుకునే రచ్చబండ పేజీలో ఒక లైనూ లింకూ పెట్టండి. నాలుగు రోజులాగి మళ్లీ గుర్తుచేసినా ఎవరూ తప్పుగా అనుకోరు.