అనంతపురంలో బయోమెడికల్ పీహెచ్‌డీ: ఏది నిలుస్తుంది, ఎక్కడ చెడుతుంది

అనంతపురం, కర్నూలు, కడప యూనివర్సిటీల్లో బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ లాంటి విభాగాల్లో పీహెచ్‌డీ చేయాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఈ సమీక్ష. ఏళ్ల తరబడి ఈ ల్యాబుల్లో పనిచేస్తూ రాస్తున్నది కాబట్టి తీర్పు ముందే చెప్పేస్తున్నాం. రోగుల రక్తం, మూత్రం శాంపిళ్ల మీద నడిచే అంశమైతే సీమలో చేయడం మంచి నిర్ణయం. థీసిస్ మొత్తం సెల్ కల్చర్ మీదో ఖరీదైన సీక్వెన్సింగ్ మీదో ఆధారపడేట్టయితే హైదరాబాదో బెంగళూరో చూసుకోండి.

కర్నూలు మెడికల్ కాలేజీ 1956 నుంచి ఉంది. అక్కడి పెద్దాసుపత్రికి గద్వాల, రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా రోగులు వస్తారు. అనంతపురం మెడికల్ కాలేజీ 2000లో, కడప రిమ్స్ 2006లో మొదలయ్యాయి. వాటికి దగ్గర్లోనే శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ యూనివర్సిటీలు ఉన్నాయి. అనంతపురం జిల్లాలో బోరునీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిన ఊళ్లు చాలా ఉన్నాయి. ఫ్లోరోసిస్, షుగరు, కిడ్నీ జబ్బు, రక్తహీనత: పరిశోధించాల్సిన జబ్బులూ ఇక్కడే ఉన్నాయి, వాటితో అవస్థ పడుతున్న మనుషులూ ఇక్కడే ఉన్నారు. కొరత అంతా యంత్రాల దగ్గర, చల్లగా నిలవ ఉంచే ఏర్పాట్ల దగ్గర.

ప్రవేశం, డబ్బు సంగతి క్లుప్తంగా. రాష్ట్ర యూనివర్సిటీలకు ఏపీఆర్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. 2024 జూన్ నుంచి నెట్ స్కోరును కూడా పీహెచ్‌డీ ప్రవేశానికి వాడుకోమని యూజీసీ చెప్పింది. జేఆర్‌ఎఫ్ (నెలనెలా డబ్బిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రాకుండా నెట్‌తో వచ్చేవాళ్లకు పరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఇస్తారు. ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది. సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌లో 200 మార్కులకు 100 పార్ట్-సి లోనే ఉంటాయి. అందులోని 75 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, కానీ తప్పుకు పావు వంతు కోత పడుతుంది. జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో)గా 42,000, ఇంటద్దె భత్యం వేరు. ఫెలోషిప్ లేకుండా ఫుల్‌టైంలో చేరమని మేం ఎవరికీ చెప్పం. ఫెలోషిప్ వచ్చాక కూడా ప్రతినెలా యూనివర్సిటీలో ఒకరు కన్ఫర్మేషన్‌ను పోర్టల్లో ఎక్కించాలి, దాన్ని ఇంకొకరు ఆమోదించాలి. ఇద్దరిలో ఒకరు సెలవులో ఉంటే ఆ నెల డబ్బు ఆగుతుంది. మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని మొదలుపెట్టండి.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు పేరు కన్నా ముందు చూడాల్సినవి ఉన్నాయి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని మించి తీసుకోకూడదు. రిటైర్మెంటుకు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను చేర్చుకోకూడదు. ఇది తెలుసుకున్నాక శోధ్‌గంగలో (దేశంలోని థీసిస్‌లు ఉంచే వెబ్‌సైట్) ఆ గైడ్ కింద వచ్చిన రెండు థీసిస్‌లు తెరిచి, మెటీరియల్స్ అండ్ మెథడ్స్ అధ్యాయం, కృతజ్ఞతల పేజీ చదవండి. ఏ యంత్రం విభాగంలో ఉందో, ఏది బయట చేయించారో, ఎవరి డీప్ ఫ్రీజర్ వాడారో ఆ రెండు చోట్లా బయటపడుతుంది. విభాగం వెబ్‌సైట్లో ఉన్న పరికరాల జాబితాను మాత్రం నమ్ముకోవద్దు. అందులో ఉన్నవన్నీ నడుస్తున్నాయని కాదు.

మనుషుల శాంపిల్ తీసుకోవాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. మొదటి ఏడాది ఎక్కువగా పోయేది ఇక్కడే. కమిటీ ఆరోగ్య పరిశోధన శాఖ దగ్గర నమోదై ఉండాలి. యూనివర్సిటీకి అలాంటి కమిటీ లేకపోతే మెడికల్ కాలేజీ కమిటీకే వెళ్లాలి. అందుకే ఆ కాలేజీ డాక్టరును కో-గైడ్‌గా సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) దశలోనే పెట్టుకోవడం మంచిది. కన్సెంట్ ఫారం తెలుగులో ఉండాలి. దాన్ని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లిషులోకి రాయించి రెండూ పోల్చి చూడాలి. హిందూపురం, ఆదోని వైపు రోగులుంటే కన్నడ, ఉర్దూ ఫారాలు కూడా మొదటి దరఖాస్తులోనే ఇవ్వండి, తర్వాత చేర్చాలంటే మళ్లీ సవరణ పెట్టాలి. వేలిముద్ర వేసేవాళ్లకు అధ్యయనంతో సంబంధం లేని సాక్షి సంతకం తప్పనిసరి. అన్నిటికంటే ముఖ్యం, అనుమతి పత్రం మీది తేదీకి ముందు తీసిన ఒక్క ట్యూబు కూడా థీసిస్‌కు పనికిరాదు. వెనక తేదీతో అనుమతి ఎవరూ ఇవ్వరు.

శాంపిళ్లు ఎన్ని అనేది కమిటీ అడిగే మొదటి ప్రశ్న. ఒక జబ్బు ఎంతమందిలో ఉందో తేల్చే సర్వే అయితే, 50 శాతం అంచనాతో, 5 శాతం తేడాతో, 95 శాతం నమ్మకంతో లెక్క 384 వస్తుంది. పది శాతం మంది మధ్యలో తప్పుకుంటారనుకుంటే 427. రెండు గుంపులను పోల్చే పనికి ఈ సూత్రం పనికిరాదు, అక్కడ తేడా ఎంత, విలువలు ఎంత చెదిరి ఉన్నాయి అన్నదాన్ని బట్టి వేరే లెక్క ఉంది. రోగులను ఆరోగ్యవంతులతో పోల్చే కేస్-కంట్రోల్ సినాప్సిస్‌లో 384 కనబడితే పరీక్షకుడు అక్కడే ఆగుతాడు.

ఇక అసలు పని ఆసుపత్రి ఓపీ నుంచి ల్యాబు ఫ్రీజరు దాకా. థీసిస్ నాణ్యత తేలేది ఈ దారిలోనే. వార్డులో తీసిన రక్తంలో కణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్ తింటూనే ఉంటాయి. మామూలు వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం దాకా గ్లూకోజ్ తగ్గుతుంది. సీమలో మే నెల ఎండలో ట్యూబులు బైకు డిక్కీలో పెట్టి తెస్తే ఇంకా ఎక్కువే. బూడిదరంగు మూత సోడియం ఫ్లోరైడ్ ట్యూబు వాడాం కదా అని ధీమాగా ఉండకూడదు. ఫ్లోరైడ్ అడ్డుకునేది ఈనోలేజ్ అనే ఎంజైమును, అది గ్లైకాలిసిస్‌లో, అంటే కణం గ్లూకోజ్‌ను విరగ్గొట్టే వరసలో, బాగా కింద ఉన్న మెట్టు. కాబట్టి మొదటి గంట, రెండు గంటలు తగ్గుదల సాగుతూనే ఉంటుంది. ట్యూబును వెంటనే ఐసులో పెట్టి అరగంటలో ప్లాస్మా వేరుచేయాలి. సీరం ట్యూబుకు పద్ధతి వేరు. అరగంట నిటారుగా నిలబెట్టి గడ్డకట్టనివ్వాలి. తొందరపడి తిప్పితే ఫైబ్రిన్ పోగులు మిగిలి, తర్వాత పిపెట్ కొనలో అడ్డుపడతాయి. సన్నసూదితో గట్టిగా లాగితే రక్తకణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది. అలాంటి సీరంలో పొటాషియం, ఎల్‌డీహెచ్ అనే ఎంజైము ఎక్కువ చూపిస్తాయి. ఎర్రబడిన ట్యూబును రిజిస్టరులో గుర్తుపెట్టి ఆ పరీక్షల నుంచి తప్పించాలి.

దాదాపు ప్రతి థీసిస్‌లో '3000 ఆర్‌పీఎం, 10 నిమిషాలు' అని ఉంటుంది. రోటరు వ్యాసార్ధం 10 సెంటీమీటర్లయితే ఆ వేగానికి సుమారు 1000 జీ (భూమి ఆకర్షణకు వెయ్యి రెట్ల బలం) వస్తుంది, 15 సెంటీమీటర్లయితే 1500 జీ. ఆసుపత్రిలో ఒక సెంట్రిఫ్యూజ్, విభాగంలో ఇంకొకటి వాడితే ఒకే ఆర్‌పీఎం రాసినా రెండూ ఒకటి కావు. వ్యాసార్ధం స్కేలుతో కొలిచి, జీలోకి మార్చి, జీనే రాయండి.

5 మిల్లీలీటర్ల రక్తం నుంచి సుమారు 2 మిల్లీలీటర్ల సీరం వస్తుంది. దాన్ని ఒకే ట్యూబులో పెట్టకుండా 200 మైక్రోలీటర్ల చొప్పున పది ట్యూబులుగా చేయాలి. ఒక పరీక్షకు ఒక ట్యూబు కరిగించి, మిగిలింది పారేయాలి. కరిగించి మళ్లీ గడ్డకట్టించిన ప్రతిసారీ ఎంజైముల చురుకుదనం పడిపోతుంది. లేబుల్ విషయంలో మాస్కింగ్ టేపు వద్దే వద్దు. మైనస్ 80 డిగ్రీల్లో జిగురు వదిలేసి, పెట్టె అడుగున పేర్లన్నీ ఒకచోట, ట్యూబులన్నీ ఇంకోచోట ఉంటాయి. క్రయో లేబుల్ వాడండి, ట్యూబు గోడమీద, మూతమీద రెండుచోట్లా నంబరు వేయండి. ఏ పెట్టెలో, ఏ వరసలో, ఏ గడిలో ఉందో కంప్యూటర్లో ఒకటి, ఫ్రీజరు తలుపుకు కాగితం మీద ఒకటి ఉండాలి. వెతుక్కుంటూ తలుపు తెరిచిపెట్టడం వల్ల చెడేది మీ శాంపిల్ ఒక్కటే కాదు.

డీప్ ఫ్రీజరుకు ఇక్కడ రెండు శత్రువులు, కరెంటు, దుమ్ము. వేసవిలో గది 40 డిగ్రీలుంటే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. అనంతపురం గాలిదుమ్ముకు కండెన్సర్ ముందున్న ఫిల్టరు నెల తిరిగేసరికి మూసుకుపోతుంది. నెలకోసారి తీసి కడిగి ఆరబెడితే చాలు, ఖర్చు లేని పని. గదికి ఏసీ, ఫ్రీజరుకు సొంత స్టెబిలైజరు, జనరేటరు లైను ఉన్నాయో లేవో చేరకముందే అడగండి. ఖాళీ అరల్లో నీళ్ల సీసాలు ముప్పావు దాకా నింపి పెడితే కరెంటు పోయినప్పుడు చలి ఎక్కువసేపు నిలుస్తుంది. కరెంటు లేనప్పుడు 'ఒకసారి చూద్దాం' అని తలుపు తీయకూడదు.

శాంపిళ్లు బయటికి పంపాల్సి వస్తే కర్నూలుకు హైదరాబాదు, అనంతపురానికి బెంగళూరు దగ్గర, రెండూ 200 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. డ్రై ఐసు (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) కూడా అక్కణ్నుంచే తెప్పించుకోవాలి. దారిలోనే ఆవిరై తగ్గుతుంది కాబట్టి లెక్కకన్నా ఎక్కువ తెప్పించుకోండి. థర్మకోల్ పెట్టెను గాలి చొరకుండా టేపు చుట్టేస్తే గ్యాసు నిండి పగులుతుంది. అద్దాలు మూసిన కారులో పక్కన పెట్టుకుని పోవడం ప్రాణాలకే ప్రమాదం.

ఎలైజా (సీరంలోని ప్రొటీన్ల లాంటివాటిని గడుల ప్లేటులో కొలిచే పరీక్ష) గురించి ఒక లెక్క. ప్లేటుకు 96 గడులు. ఏడు స్టాండర్డులు (మోతాదు ముందే తెలిసినవి), ఒక బ్లాంక్ (శాంపిల్ లేనిది), రెండేసి చొప్పున 16 పోతే 80 మిగులుతాయి. అంటే రెండేసి గడులకు 40 శాంపిళ్లే. 120 మందికి మూడు ప్లేట్లు, మళ్లీ చేయాల్సినవాటికి నాలుగోది. నాలుగూ ఒకే లాట్ నంబరువి కొనండి. శాంపిళ్లన్నీ చేతికొచ్చాకే కొనండి, లేదంటే కిట్ గడువు ముందే తీరిపోతుంది. సీఎస్‌ఐఆర్ ఇచ్చే కంటింజెన్సీ (పరిశోధన ఖర్చుల సొమ్ము) ఏడాదికి 20,000 రూపాయలు, ఒక మంచి కిట్‌కే అది చాలదు. రోగులందరినీ ఒక ప్లేటులో, ఆరోగ్యవంతులను ఇంకో ప్లేటులో పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అలా పెడితే కనబడే తేడా జబ్బుదో ప్లేటుదో ఎవరూ చెప్పలేరు. ప్రతి ప్లేటులోనూ ఇద్దరినీ కలపాలి.

ఎలుకల మీద పని గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ఒక మొక్క సారం, స్ట్రెప్టోజోటోసిన్‌తో షుగరు తెప్పించిన విస్టార్ ఎలుకలు, 30 రోజుల మందు. ఈ నమూనాలో ఇప్పటికే లెక్కలేనన్ని థీసిస్‌లున్నాయి. ఆ సారం ఒంట్లో ఎలా పనిచేస్తుందో తెలుసుకునే ప్రశ్న లేకపోతే ఇంకొకటి రాయొద్దు. చేసేట్టయితే మొక్కను హెర్బేరియంలో (ఎండు మొక్కల నమూనాలు దాచే చోటు) గుర్తింపజేసి వౌచర్ నంబరు తీసుకోండి. ఎలుకల సంఖ్య జంతు ప్రయోగాల అనుమతి దరఖాస్తు ఫార్మ్-బిలో మొదటే సరిగ్గా అడగండి. గుంపుకు ఆరు చొప్పున ఐదు గుంపులంటే 30 అని రాసి ఊరుకుంటే, చనిపోయేవాటికి, షుగరు రానివాటికి బదులు ఉండదు. స్ట్రెప్టోజోటోసిన్‌ను చల్లని 0.1 మోలార్ సిట్రేట్ బఫర్‌లో, పీహెచ్ 4.5 దగ్గర, అప్పటికప్పుడు కలిపి నిమిషాల్లో ఇచ్చేయాలి. నిలవుంటే విరిగిపోతుంది, సగం ఎలుకలకు షుగరే రాదు. ఇంజెక్షన్ తర్వాత క్లోమం ఒక్కసారిగా ఇన్సులిన్ వదలడంతో ఆ రాత్రి చక్కెర పడిపోయి కొన్ని చనిపోతాయి, తాగడానికి 5 శాతం గ్లూకోజ్ నీళ్లు పెట్టాలి. 72 గంటలకు చూసిన రీడింగుతోనే గుంపులు చేయకుండా వారం తర్వాత ఇంకోసారి చూడండి, కొన్ని వాటంతటవే కోలుకుంటాయి. యానిమల్ హౌస్ ఏసీ ఆగితే వేడి ఒత్తిడికే గ్లూకోజ్ పెరుగుతుంది, అది మందు ఫలితంలో కలిసిపోతుంది.

పేపర్ల విషయంలో ఇప్పుడు పరిస్థితి నయం. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ యూనివర్సిటీలకు సుమారు 13,000 జర్నళ్లు అందుతున్నాయి. పీడీఎఫ్ కోసం పక్క ఊరి స్నేహితుణ్ని అడుక్కోవాల్సిన రోజులు పోయాయి. 2022 నిబంధనల్లో థీసిస్‌కు ముందు పేపరు తప్పనిసరి అన్నది తీసేశారు, అయినా మీ యూనివర్సిటీ సొంత నియమం ఏమిటో రాతపూర్వకంగా తెలుసుకోండి. నమ్మదగిన జర్నళ్ల యూజీసీ-కేర్ జాబితాను 2025లో ఆపేశారు కాబట్టి డబ్బు కట్టించుకుని వారంలో అచ్చేసే జర్నళ్లను గుర్తుపట్టే బాధ్యత ఇప్పుడు పూర్తిగా స్కాలర్‌దీ గైడ్‌దీ. చందాతో నడిచే మంచి జర్నల్‌కు పంపితే సాధారణంగా రచయిత పైసా కట్టనక్కర్లేదు. వేరే రచనలతో పోలిక 10 శాతం దాటితే థీసిస్ వెనక్కొస్తుంది. మెథడ్స్ అధ్యాయం పాత థీసిస్‌నుంచి దించుకోవడం వల్లే ఎక్కువమందికి ఈ అంకె దాటుతుంది.

పీహెచ్‌డీకి గడువు: చేరిన తేదీ నుంచి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు, మళ్లీ నమోదు చేసుకుంటే ఇంకో రెండేళ్లు. మహిళలకు ఆపైన మరో రెండేళ్ల వెసులుబాటు, 240 రోజుల దాకా ప్రసూతి, శిశుసంరక్షణ సెలవు ఉన్నాయి. ఆసుపత్రి ల్యాబుల్లో ఉద్యోగం చేస్తున్న ఎమ్మెస్సీ వాళ్లు పార్ట్‌టైం గురించి తప్పక ఆలోచించాలి. యజమాని నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుంటే చాలు, అర్హత మిగతావాళ్లతో సమానమే. యూనివర్సిటీలో కూర్చున్న స్కాలర్‌కు అందని శాంపిల్ వాళ్ల బల్లమీదే ఉంటుంది, అరగంటలో ప్లాస్మా వేరుచేయడం వాళ్లకు రోజువారీ పని.