ఇసుకను చూపించారు, గడ్డిని మరిచారు

నీళ్లు కరువైన ఎడారి గ్రహం మీద నడిచే హాలీవుడ్ సినిమా ‘డ్యూన్’ మొదటి భాగాన్ని 2021లో, రెండో భాగాన్ని 2024లో బెంగళూరులో పెద్ద తెరపై చూశాను. ఆ తరువాత అనంతపురంలో మా ఇంటి టీవీలో ఎన్నిసార్లు వేసుకున్నానో లెక్క లేదు. కథా, నటులూ, ఆస్కార్లూ అందరికీ తెలిసినవే. నా ప్రేమా, పేచీ రెండూ ఆ సినిమాలోని నీటితోనే.

మా సొంత ఊరు బొమ్మనహాళ్ మండలంలో, వేదవతి ఒడ్డున ఉంది. మా వాళ్లు ఆ ఏటిని హగరి అంటారు. దర్గా హొన్నూరు వైపు ఇసుక దిబ్బలను చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆషాఢం గాలి లేచిందంటే దిబ్బ జరిగి చేలోకి వస్తుంది. ఇంగ్లీషు రాని మా నాయన ఒక మధ్యాహ్నం నా పక్కన కూర్చుని మొదటి భాగం చూశారు. ఒక్కో ఖర్జూర చెట్టు రోజుకు ఐదుగురు మనుషుల నీళ్లు తాగుతుందని, అలాంటివి ఇరవై ఉన్నాయంటే నూరు ప్రాణాలతో సమానమని తోటమాలి చెప్పే చోట నేను తెలుగులో వివరించాను. నాయన కాసేపు ఊరుకుని, “ఆ నీళ్లు బోరువా, కాలువవా?” అని అడిగారు.

అన్నిసార్లు చూసినా నాకు తట్టని ప్రశ్న అది. సినిమాలో సమాధానం దొరకలేదు. గాలిలోని తేమను పట్టి నీరుగా మార్చే ఏర్పాటు ఒకటి ఉందని సినిమాకు మూలమైన నవలలో చదివిన గుర్తుతో చెప్పాను. “మరి ఇసుకకు అడ్డం ఏం నాటినారు?” అన్నది రెండో ప్రశ్న. మా చేని గట్టున కంప నాటి, ఏటేటా ఇసుక ఎత్తిపోయించిన మనిషి అడగవలసిన ప్రశ్నే.

ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో వెలువరించిన ఆ నవలకు బీజం పడింది కూడా ఇసుకకు అడ్డం నాటే ఈ పని దగ్గరే. అమెరికాలోని ఒరెగాన్ తీరంలో జరిగిపోయే ఇసుక దిబ్బలను గడ్డి నాటి నిలబెడుతుంటే చూసి, దాని గురించి వ్యాసం రాయాలని ఆయన 1957లో వెళ్లారు. దిబ్బకు గాలి తగలని వైపున మొదట గడ్డి నాటి, అది వేళ్లూనాక ఒక్కో మొక్కను పెంచుకుంటూ పోయే పద్ధతి నవల అనుబంధంలో వివరంగా ఉంది. దర్శకుడు డెనీ విల్నోవ్ దీన్ని పూర్తిగా వదిలేశారనను. ఈ గ్రహం పచ్చగా మారేదేననీ, ఇసుకలో దొరికే విలువైన ‘మసాలా’ బయటపడడంతో ఎడారి పోవాలని కోరేవారే లేకపోయారనీ ఆ గ్రహపు పర్యావరణ శాస్త్రవేత్త కైన్స్ పాత్ర ఒక మాట అంటుంది, రెండో భాగంలో చనిపోయినవారి నీటిని దాచిన చెరువు కూడా కనిపిస్తుంది. ఆ కల ఉంది గానీ, దానికోసం వంగి పని చేసే చేతులే ఎక్కడా లేవు.

చెమటను తిరిగి తాగునీరుగా మార్చే దుస్తులను మొదట్లో కనబడిన ప్రతివారి దగ్గరా మెచ్చుకున్నాను. ఇప్పుడు చూస్తే, అంత ఎండలో ముఖం కప్పుకోకుండా, జుట్టు గాలికి వదిలి తిరిగేవారే ఎక్కువ. మా ఊళ్లో మే నెలలో తలకు తువ్వాల లేకుండా ఎవరూ గడప దాటరు. ఎదుటివాడి మీద గౌరవంతో, ఒంటి నీటిని కానుకగా ఇస్తున్నట్లు, ఎడారివాసుల నాయకుడు స్టిల్గర్ బల్లపై ఉమ్మే సన్నివేశం మాత్రం ఎన్నిసార్లు చూసినా చెక్కుచెదరలేదు.

ఇసుకను తెరపై మాత్రమే చూసేవారికి ఈ లోటు లోటుగా తోచకపోవచ్చు. వారు నిస్సందేహంగా చూడవచ్చు. నేనూ మళ్లీ చూస్తాను. నాయన మాత్రం ఆ ఖర్జూర చెట్లు తగలబడే చోటు వచ్చేసరికి లేచి వసారాలోకి వెళ్లిపోతారు.